ఆంద్రేయెవ్ పరావర్తనం

ఆంద్రేయెవ్ పరావర్తనం అనగా ఒక సాధారణ లోహమూ ఒక అతివాహకమూ ఆనుకొని ఉన్న సరిహద్దు వద్ద ఎలక్ట్రానులకు కలిగే ఒక ప్రత్యేకమైన పరావర్తనం. లోహం వైపు నుండి వచ్చి సరిహద్దును తాకిన ఎలక్ట్రాను ఇక్కడ ఎలక్ట్రానుగా వెనుదిరగదు. దానికి బదులు ధనావేశం గల ఒక "రంధ్రం" వచ్చిన దారినే వెనుకకు పోతుంది. ఈ మార్పిడిలో రెండు ఎలక్ట్రానుల ఆవేశం అతివాహకంలోనికి చేరుతుంది, కాని ఉష్ణం చేరదు. ఒకే సరిహద్దు విద్యుత్తుకు తెరచిన తలుపుగాను, ఉష్ణానికి మూసిన తలుపుగాను పనిచేయడం ఇందులోని విశేషం. దీనిని 1964లో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్యోదొరోవిచ్ ఆంద్రేయెవ్ (1939-2023) వివరించాడు. ఆయన పేరును ఆంగ్లం ద్వారా "ఆండ్రీవ్" అని రాయడం కూడా కద్దు.

నేపథ్యం

కొన్ని లోహాలను తగినంతగా చల్లబరిస్తే వాటి విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమవుతుంది. ఈ ధర్మాన్ని అతివాహకత్వం అంటారు. 1911లో హాలెండులోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో, సుమారు 4.2 కెల్విన్ వద్ద, దీనిని మొదట గమనించాడు. దీనికి తృప్తికరమైన సిద్ధాంతం రావడానికి 46 సంవత్సరాలు పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు ఆ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు, 1972లో నోబెల్ బహుమతి పొందారు.

ఈ సిద్ధాంతం ప్రకారం అతివాహకంలో ఎలక్ట్రానులు ఒంటరిగా ఉండవు. వ్యతిరేక దిశలలో ద్రవ్యవేగం, వ్యతిరేక స్పిన్ గల రెండేసి ఎలక్ట్రానులు జతపడి "కూపర్ జంటలు"గా ఏర్పడతాయి. ఒక జంటను విడదీయాలంటే కొంత శక్తిని వెచ్చించాలి. విడిపోయిన ఒక్కొక్క ఎలక్ట్రాను వాటాకు వచ్చే శక్తిని "డెల్టా" అనే గ్రీకు అక్షరంతో సూచిస్తారు, దీనినే శక్తి అంతరం అంటారు. ఇది చాలా చిన్న రాశి. 1.2 కెల్విన్ వద్ద అతివాహకంగా మారే అల్యూమినియంలో దీని విలువ సుమారు 0.18 మిల్లీ ఎలక్ట్రాన్‌ వోల్టులు, 9.2 కెల్విన్ వద్ద మారే నియోబియంలో సుమారు 1.5 మిల్లీ ఎలక్ట్రాన్‌ వోల్టులు. లోహాలలో ఎలక్ట్రానుల ఫెర్మి శక్తి కొన్ని ఎలక్ట్రాన్‌ వోల్టులు ఉంటుంది గనుక, శక్తి అంతరం అందులో కొన్ని వేలవ వంతు మాత్రమే. ఈ నిష్పత్తిని గుర్తుంచుకోవాలి. ఆంద్రేయెవ్ వాదనకు ఆయువుపట్టు ఇదే.

ఇప్పుడు ఒక రాగి తీగను నియోబియం ముక్కకు ఆనించి, రెంటినీ ద్రవ హీలియంలో చల్లబరిచామని అనుకుందాం. రాగిలోని ఒక ఎలక్ట్రాను, ఫెర్మి స్థాయి కంటె 1 మిల్లీ ఎలక్ట్రాన్‌ వోల్టు అదనపు శక్తితో, సరిహద్దు వైపు వస్తున్నది. నియోబియంలో ఆ శక్తి వద్ద ఒంటరి ఎలక్ట్రానుకు స్థానం లేదు. కనుక అది లోపలికి పోలేదు. అయితే వెనుకకు తిరగవలసిందేనా? అలా తిరిగితే లోహానికీ అతివాహకానికీ మధ్య విద్యుత్తు పారకూడదు. కాని ప్రయోగంలో విద్యుత్తు పారుతుంది. శుభ్రమైన సరిహద్దు అయితే మామూలు కంటె రెట్టింపు పారుతుంది.

ప్రక్రియ

ఇద్దరిద్దరుగా మాత్రమే లోనికి విడిచే ఒక ద్వారం ముందు పొడవైన వరుస ఉన్నదనుకుందాం. ముందు నిలబడిన మనిషి ఒంటరివాడు. అతడు వరుసలో నుండి మరొకరిని వెంటబెట్టుకొని లోపలికి పోతాడు. వరుసలో ఒక ఖాళీ మిగులుతుంది. వెనుకనున్నవారు ఒక్కొక్కరే ముందుకు జరుగుతుంటే ఆ ఖాళీ వెనుకకు జరుగుతూ పోతుంది. దూరం నుండి చూసేవారికి ఒక మనిషి ద్వారం దాకా వెళ్ళినట్లు, ఒక ఖాళీ తిరిగి వచ్చినట్లు కనిపిస్తుంది.

సరిహద్దు వద్ద జరిగేది ఇటువంటిదే. వచ్చిన ఎలక్ట్రాను లోహంలోని మరొక ఎలక్ట్రానును తోడు తీసుకొని కూపర్ జంటగా అతివాహకంలో కలిసిపోతుంది. జంట శక్తి సరిగ్గా ఫెర్మి శక్తికి రెండింతలు ఉండాలి. అందుచేత, మొదటి ఎలక్ట్రాను ఫెర్మి స్థాయికి ఎంత పైన ఉంటే, తోడు ఎలక్ట్రాను అంత దిగువ నుండి రావాలి. తోడు ఎలక్ట్రానుకు వ్యతిరేక ద్రవ్యవేగం, వ్యతిరేక స్పిన్ కూడా ఉండాలి. అది ఖాళీ చేసిన స్థానమే రంధ్రం. తోడు ఎలక్ట్రాను స్థానం సరిహద్దుకు దూరంగా పోయే వేగం గలది గనుక, ఆ ఖాళీ కూడా అదే వేగంతో సరిహద్దు నుండి లోహంలోనికి వెనుదిరుగుతుంది.

ఆవేశం లెక్క సులభం: ఒక ఎలక్ట్రాను వచ్చింది, రెండు ఎలక్ట్రానుల ఆవేశం లోపలికి వెళ్ళింది. ఇక శక్తి లెక్క. ఫెర్మి స్థాయికి దిగువన ఏర్పడిన ఖాళీ కూడా ఒక ఉత్తేజిత స్థితియే. అది ఎంత దిగువన ఉంటే అంత శక్తిని మోస్తుంది. ఎలక్ట్రాను తెచ్చిన అదనపు శక్తి, రంధ్రం తీసుకుపోయే శక్తి సమానం. కనుక నికరంగా సరిహద్దును దాటిన ఉష్ణం శూన్యం.

అద్దంలో పరావర్తనానికీ దీనికీ భేదం

అద్దంపై ఏటవాలుగా పడిన కాంతి కిరణం అవతలి వైపుకు ఏటవాలుగా పోతుంది. అద్దానికి లంబంగా ఉన్న వేగాంశం మాత్రమే తిరగబడుతుంది, సమాంతరంగా ఉన్నది మారదు. ఆంద్రేయెవ్ పరావర్తనంలో వేగాంశాలన్నీ తిరగబడతాయి. ఏ కోణంలో వచ్చినా రంధ్రం ఎలక్ట్రాను వచ్చిన దారినే పట్టుకొని వెనుకకు పోతుంది. వేగం తిరగబడినా ద్రవ్యవేగం దాదాపు మారదు. ఈ మాట వినడానికి వింతగా ఉంటుంది, కాని రంధ్రానికి వేగం, ద్రవ్యవేగం వ్యతిరేక దిశలలో ఉంటాయి గనుక ఇందులో వైరుధ్యం లేదు.

ఇలా ఎందుకు జరగాలి? ఎలక్ట్రానును బంతివలె వెనుకకు కొట్టాలంటే దాని ద్రవ్యవేగాన్ని పూర్తిగా తిప్పివేయాలి. అందుకు సరిహద్దు వద్ద బలమైన, నిటారైన అడ్డుగోడ కావాలి. శక్తి అంతరం అనే అడ్డంకి అటువంటిది కాదు. పైన చెప్పినట్లు అది ఫెర్మి శక్తిలో కొన్ని వేలవ వంతు. అంతేగాక అది ఒక్కసారిగా లేవక, సంబద్ధ దైర్ఘ్యం అనే దూరం మేర మెల్లగా ఎదుగుతుంది. ఈ దూరం నియోబియంలో సుమారు 38 నానోమీటర్లు, అల్యూమినియంలో సుమారు 1600 నానోమీటర్లు. పరమాణువుల మధ్య దూరంతో పోలిస్తే చాలా ఎక్కువ. ఇంత మెత్తని అడ్డంకి ఎలక్ట్రానుకు కొద్దిపాటి ద్రవ్యవేగాన్ని మాత్రమే ఇవ్వగలదు. లోపలికి పోనూలేక, బంతివలె వెనుదిరగనూలేక ఉన్న ఎలక్ట్రానుకు, ద్రవ్యవేగం మారకుండానే వేగం తిరగబడే మార్గం ఒక్కటే ఉన్నది: రంధ్రంగా మారడం.

రంధ్రం వచ్చిన దారినే పోతుందన్న మాట ఫెర్మి స్థాయి వద్ద మాత్రమే అక్షరాలా నిజం. ఎలక్ట్రానుకు అదనపు శక్తి ఉన్నకొద్దీ రెండు తరంగాల దశలు క్రమంగా ఎడబడతాయి. మలినాలు లేని రాగిలో, 1 కెల్విన్ వద్ద, సుమారు 2 మైక్రోమీటర్ల దూరం వరకు ఈ పొందిక నిలుస్తుంది. అంత దూరం మేర సాధారణ లోహానికి కూడా అతివాహక లక్షణాలు కొంత అంటుకుంటాయి. దీనిని సామీప్య ప్రభావం అంటారు. ఇది ఆంద్రేయెవ్ కంటె ముందే తెలిసిన విషయమే. దానికి సూక్ష్మస్థాయి కారణం ఆంద్రేయెవ్ పరావర్తనమని తరువాత అర్థమైంది.

గ్రాఫీనులో ఈ నియమం మారవచ్చు. అక్కడ ఫెర్మి శక్తిని శక్తి అంతరం కంటె చిన్నదిగా చేయవచ్చు గనుక, పై వాదనకు మూలమైన నిష్పత్తి తలక్రిందులవుతుంది. అప్పుడు రంధ్రం అద్దంలోవలె అవతలి వైపుకు పోతుందని 2006లో కార్లో బీనాకర్ లెక్కకట్టి చూపాడు. 2016లో రెండు పొరల గ్రాఫీనుపై జరిపిన ప్రయోగంలో దీనికి నిదర్శనం కనిపించింది.

ఆవిష్కరణ

ఆంద్రేయెవ్ ఈ ఫలితానికి విద్యుత్తును గురించి ఆలోచిస్తూ రాలేదు. ఆయన ఎదుట ఉన్నది ఉష్ణ వాహకతకు సంబంధించిన చిక్కు. తగరం వంటి అతివాహకాలను తగిన అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, లోహం పలుచని పొరలు పొరలుగా చీలుతుంది: ఒక పొర సాధారణ స్థితిలో, దాని ప్రక్కది అతివాహక స్థితిలో ఉంటాయి. దీనిని మధ్యస్థ స్థితి అంటారు. ఈ స్థితిలో ఉష్ణం పొరలకు అడ్డంగా ప్రవహించేటప్పుడు అనుకున్నదానికంటె ఎక్కువ నిరోధం కనిపిస్తున్నదని సోవియట్ ప్రయోగకర్త జవరీత్‌స్కీ కొలతలలో తేలింది. పొరల సరిహద్దులలో ఏదో ఉష్ణాన్ని ఆపుతున్నది. కాని ఒకే లోహంలో, ఒకే స్ఫటికంలో, రెండు స్థితుల మధ్య ఎలక్ట్రానులను వెనుకకు నెట్టగల గోడ ఎక్కడిది?

పైన వివరించిన వాదనే దీనికి సమాధానం. గోడ లేదు, మార్పిడి ఉంది. ఎలక్ట్రాను రంధ్రంగా మారి తన శక్తిని తానే వెనుకకు మోసుకుపోతున్నది. ఈ వ్యాసం 1964లో సోవియట్ ప్రయోగాత్మక, సైద్ధాంతిక భౌతిక శాస్త్ర పత్రికలో అచ్చయింది. అప్పటికి రచయితకు పాతికేళ్ళు నిండలేదు. ఆయన మాస్కోలోని కపిత్సా భౌతిక సమస్యల సంస్థలో పనిచేసి, తరువాతి కాలంలో దానికే సంచాలకుడు అయ్యాడు. ఇంచుమించు అదే సమయంలో, 1963లో, ఫ్రాన్సులో ద జెన్, సాన్-జామ్ అనే ఇద్దరు, అతివాహకంపై ఉన్న పలుచని లోహపు పొరలో ఎలక్ట్రాను-రంధ్ర స్థితులు బంధింపబడి ఉంటాయని చూపారు. అందుచేత కొందరు ఆ స్థితులకు ముగ్గురి పేర్లూ పెడతారు. ఇది న్యాయమైన పద్ధతియే.

రంధ్రం నిజంగా వచ్చిన దారినే పోతుందని నేరుగా చూపడం ప్రయోగకర్తలకు చాలాకాలం సాధ్యం కాలేదు. అయస్కాంత క్షేత్రంతో ఎలక్ట్రానుల దారిని వంచి ఒక బిందువు వద్దకు చేర్చే పద్ధతితో 1980వ దశకం ప్రారంభంలో అది సాధ్యమైంది. అటువంటి ప్రయోగాలలో 1983లో బెనిస్టాంట్, వాన్ కెంపెన్, వైడర్ జరిపినది ప్రసిద్ధమైనది.

వాహకత రెట్టింపు

1960లో ఐవార్ యేవర్ అల్యూమినియం, సీసం పొరల మధ్య పలుచని ఆక్సైడు పొరను ఉంచి విద్యుత్తును పంపాడు. శక్తి అంతరం కంటె తక్కువ వోల్టేజి వద్ద విద్యుత్తు బాగా తగ్గిపోయింది. అతివాహకంలో శక్తి అంతరం ఉన్నదనడానికి ఇది చక్కని ఋజువు. ఈ కృషికి 1973లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. అయితే మధ్యలో ఆక్సైడు లేకుండా లోహాన్ని నేరుగా తాకిస్తే, అదే వోల్టేజి వద్ద వాహకత తగ్గడానికి బదులు రెట్టింపవుతుంది. ఒకే జత లోహాలతో రెండు వ్యతిరేక ఫలితాలు ఎలా వస్తాయి?

1982లో బ్లాండర్, టింకమ్, క్లాప్‌వైక్ ఈ రెండింటినీ ఒకే సూత్రంలో ఇమిడ్చారు. సరిహద్దులోని అడ్డంకి బలాన్ని "జెడ్" అనే ఒక సంఖ్యతో సూచించారు. జెడ్ సున్న అయితే ప్రతి ఎలక్ట్రాను రంధ్రంగా మారుతుంది, వాహకత రెట్టింపవుతుంది. జెడ్ పెద్దదైతే యేవర్ ఫలితం వస్తుంది. ఆంద్రేయెవ్ పరావర్తనంలో రెండు ఎలక్ట్రానులు అడ్డంకిని దాటాలి గనుక, అడ్డంకి పెరిగేకొద్దీ దాని అవకాశం త్వరగా పడిపోతుంది. ఉదాహరణకు, సరిహద్దును దాటే సంభావ్యత పదింట ఒకటి అయితే, అతి తక్కువ వోల్టేజి వద్ద వాహకత సాధారణ స్థితిలో ఉండేదానిలో సుమారు 18వ వంతు మాత్రమే ఉంటుంది. శక్తి సరిగ్గా డెల్టాకు సమానమైన చోట మాత్రం, అడ్డంకి ఎంత ఉన్నా, పరావర్తనం పూర్తిగా జరుగుతుంది.

ఆవేశం నిజంగా రెండేసి ఎలక్ట్రానులుగా పోతున్నదా అన్నదానిని విద్యుత్తులోని రొదను కొలిచి తెలుసుకోవచ్చు. రేకుల కప్పుపై పడే చినుకులు పెద్దవైతే చప్పుడు పెరిగినట్లే, ఆవేశపు ముక్క పెద్దదైతే రొద పెరుగుతుంది. 2000లో జరిగిన ప్రయోగాలలో ఈ రొద మామూలుకు రెట్టింపు ఉన్నట్లు తేలింది.

అయస్కాంత లోహాలు

తోడు ఎలక్ట్రానుకు వ్యతిరేక స్పిన్ ఉండాలన్న నియమం నుండి ఒక ఉపయోగకరమైన ఫలితం వస్తుంది. ఇనుము వంటి అయస్కాంత లోహాలలో ఒక రకం స్పిన్ గల ఎలక్ట్రానులు ఎక్కువ, రెండవ రకం తక్కువ. ఎక్కువగా ఉన్న రకం ఎలక్ట్రాను సరిహద్దుకు వస్తే, దానికి తోడు దొరకడం కష్టం. అన్నీ ఒకే రకం అయితే తోడే దొరకదు, విద్యుత్తు పారదు. కనుక వాహకత ఎంత తగ్గిందో చూసి, ఆ లోహంలో స్పిన్ ధ్రువణం ఎంతో చెప్పవచ్చు. 1995లో డి యాంగ్, బీనాకర్ దీని సిద్ధాంతాన్ని రాశారు. 1998లో అమెరికాలో రెండు బృందాలు ప్రయోగాలు చేశాయి. వాటిలో సోలెన్, ఆయన సహచరులు కొలిచిన విలువలు ఇనుము, కోబాల్టు, నికెలులలో 40 నుండి 47 శాతం మధ్య ఉండగా, క్రోమియం డయాక్సైడులో సుమారు 90 శాతం ఉన్నాయి.

ఈ పద్ధతికి కావలసిన పరికరం చాలా సాదా. నియోబియం తీగ కొనను పదును చేసి, పరీక్షించవలసిన లోహంపై నొక్కి, ద్రవ హీలియంలో ముంచి, వోల్టేజిని బట్టి వాహకత ఎలా మారుతున్నదో కొలుస్తారు. సాదాతనమే ఇందులో ప్రమాదం కూడా. ఎలక్ట్రాను దెబ్బ తగలకుండా ప్రయాణించే దూరం కంటె స్పర్శ బిందువు చిన్నదిగా ఉంటేనే పై సిద్ధాంతం వర్తిస్తుంది. పెద్దదైతే స్పర్శ బిందువులోని అతివాహకం తన గరిష్ఠ విద్యుత్తును మించి, నిరోధాన్ని పొంది, రేఖాచిత్రంలో కొత్త లోయలను సృష్టిస్తుంది. 2004లో ముంబైలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన గౌతమ్ షీట్, ముఖోపాధ్యాయ్, ప్రతాప్ రాయచౌధురి ఈ లోయలకు మూలం ఆంద్రేయెవ్ పరావర్తనం కాదని, స్పర్శ బిందువు గరిష్ఠ విద్యుత్తేనని చూపారు. అంతవరకు ఇటువంటి లోయలకు రకరకాల వింత కారణాలు చెప్పడం జరుగుతుండేది.

రెండు అతివాహకాల నడుమ

పలుచని సాధారణ లోహానికి రెండు వైపులా అతివాహకాలు ఉన్నాయనుకుందాం. ఎలక్ట్రాను ఒక వైపున రంధ్రంగా మారి, ఆ రంధ్రం రెండవ వైపున తిరిగి ఎలక్ట్రానుగా మారి, ఇలా అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ప్రతి చుట్టుకు ఒక కూపర్ జంట ఒక వైపు నుండి మరొక వైపుకు చేరుతుంది. ఇలా ఏర్పడే స్థిరమైన స్థితులను ఆంద్రేయెవ్ బంధిత స్థితులు అంటారు. వోల్టేజి లేకుండానే రెండు అతివాహకాల మధ్య విద్యుత్తు పారడానికి, అంటే జోసెఫ్సన్ ప్రభావానికి, ఇటువంటి సంధులలో ఇవే ఆధారమని 1969లో కులిక్ వివరించాడు. వీటి శక్తి రెండు అతివాహకాల దశల తేడాను బట్టి మారుతుంది. అటువంటి రెండు స్థాయిలను క్వాంటం కంప్యూటరుకు కావలసిన క్యూబిట్‌గా వాడవచ్చునని 2015లో ఫ్రాన్సులోని సాక్లేలో ప్రయోగపూర్వకంగా చూపారు.

శూన్య వోల్టేజి శిఖరం - వివాదం

అర్ధవాహక తీగకు అతివాహకాన్ని తొడిగి, అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, తీగ కొసలలో మయొరానా స్థితి అనే ఒక విశేష స్థితి ఏర్పడవచ్చునని సిద్ధాంతం చెబుతుంది. ఇది సరిగ్గా ఫెర్మి స్థాయి వద్ద ఉంటుంది. బయటి రొదకు చెదరని క్యూబిట్లను దీనితో నిర్మించవచ్చునన్న ఆశ ఉంది. దీనిని వెదకడానికి ఉన్న సాధనం మళ్ళీ ఆంద్రేయెవ్ పరావర్తనమే. మయొరానా స్థితి ఉంటే, అడ్డంకి ఎంత ఉన్నా, అతి తక్కువ ఉష్ణోగ్రత వద్ద శూన్య వోల్టేజి దగ్గర పరావర్తనం పూర్తిగా జరిగి, నిరోధం సుమారు 12.9 కిలో ఓములు రావాలి.

2012లో హాలెండులోని డెల్ఫ్ట్ నగరంలో ఇండియం ఆంటిమొనైడు తీగలపై శూన్య వోల్టేజి వద్ద ఒక శిఖరం కనిపించింది. 2018లో అక్కడి నుండే, శిఖరం ఎత్తు సరిగ్గా లెక్కకు సరిపోయిందన్న వ్యాసం నేచర్ పత్రికలో వచ్చింది. ఇతర పరిశోధకులు మూల దత్తాంశాలను అడిగి పరిశీలించగా, వ్యాసంలో చూపినవి మొత్తం కొలతలకు ప్రాతినిధ్యం వహించడం లేదని తేలింది. 2021 మార్చిలో రచయితలు ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు.

ఇక్కడి చిక్కు కేవలం ఒక వ్యాసానిది కాదు. తీగలో మలినాలు, విద్యుత్ పొటెన్షియల్‌లోని ఎగుడుదిగుడులు ఉన్నప్పుడు మామూలు ఆంద్రేయెవ్ బంధిత స్థితులు కూడా ఫెర్మి స్థాయికి దగ్గరగా వచ్చి అటువంటి శిఖరాన్నే చూపగలవు. తీగ ఒక కొస వద్ద కొలిచిన వాహకతతో రెంటినీ వేరుచేయడం కష్టం. నిజమైన మయొరానా స్థితులు జతగా, రెండు కొసల వద్దా ఏకకాలంలో కనిపించాలి. తీగ మధ్యభాగంలో శక్తి అంతరం మూసుకొని మళ్ళీ తెరచుకోవాలి. ఈ రెండు గుర్తులనూ ఒకే తీగలో కొలిచే ప్రయత్నాలు, వాటి ఫలితాలపై వాదోపవాదాలు 2025లోనూ కొనసాగాయి.